సలీం మనోడే, మరి ఖిల్జీ ఎవరోడు?

మన ఇళ్ళల్లోకి తారీఖ్ పుస్తకం కంటే ముందు సినిమా టిక్కెట్టు వచ్చింది. షేర్షా తర్వాత ఎవరు, హుమాయూన్ ఎలా చనిపోయాడు అని అడిగితే మా తరం వాళ్ళు తల గోక్కుంటారు. అదే సలీం అనార్కలీల ఇష్క్ సంగతి అడగండి, వంటింట్లోంచి కూడా జవాబొస్తుంది. మా దాదీకి అలీఫ్ బే తప్ప వేరే చదువు లేదు. అయినా అక్బర్ దర్బారులో ఎవరెక్కడ నిలబడేవాళ్ళో కళ్ళకు కట్టినట్టు చెప్పేది. తెరమీద చూసింది మరి!

మా ఇంట్లో సినిమా చూడటం గునాహ్. ఆ ఫత్వాకి ఒక్కటే మినహాయింపు, రాజు తలపాగా పెట్టుకుని ఉర్దూ పేరుతో కనబడితే అది సినిమా కింద జమ కాదు, చదువు కింద జమ. ఆ లెక్కతోనే మా అబ్బా 1955లో, పదమూడేళ్ళ వయసులో, తెలుగు ‘అనార్కలి’ చూసొచ్చాడు. వేదాంతం రాఘవయ్య తీసిన బొమ్మ. సలీం అక్కినేని నాగేశ్వరరావు, అనార్కలీ అంజలీదేవి, అక్బర్ ఎస్వీ రంగారావు. షెహజాదా సలీం కృష్ణా జిల్లా తెలుగులో ఇష్క్ వెలగబెడుతుంటే హాల్లో ఎవరికీ వింతగా తోచలేదట. తోచడానికేముంది, మన ఇళ్ళల్లో కూడా నమాజు అరబ్బీలో, తిట్లు ఉర్దూలో, మిగతా బతుకంతా తెలుగులోనే కదా.

ఆ తర్వాత 1960లో కె.ఆసిఫ్ ‘మొఘల్-ఎ-ఆజం’ వచ్చింది. దిలీప్ కుమార్, మధుబాల, పృథ్వీరాజ్ కపూర్, నౌషాద్ సంగీతం. సినిమా చాలా భాగం నలుపు తెలుపు, శీష్ మహల్లో అనార్కలీ ఆడేచోట రంగులు. ఆ పాట రాగానే ముందు బెంచీల్లో వాళ్ళు లేచి నిలబడిపోయేవాళ్ళని అబ్బా చెప్పేవాడు. అందులో ఉర్దూ సగం మా ఊరివాళ్ళకి అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే దాని షాన్! ఇంటికొచ్చి పెద్ద గొంతుతో ఆ డైలాగులు అప్పజెప్పేవాళ్ళు, కొస పదం దగ్గర తడబడి దగ్గేసేవాళ్ళు. తర్వాత ఎన్టీఆర్ ‘అక్బర్ సలీం అనార్కలి’ తీశాడు. తనే అక్బర్, ఇరవై కూడా నిండని సొంత కొడుకు బాలకృష్ణ సలీం. రఫీ సాబ్ చేత తెలుగు పాడించాడు. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. పాదుషా కొడుకుని కోప్పడుతుంటే నాకు మా అబ్బానే కనబడ్డాడు, తలపాగా ఒక్కటే తేడా.

ఈ ముగ్గురు అక్బర్లలో అసలైన అక్బర్ ఎవరని మా ఇంట్లో ఏళ్ళ తరబడి ముకద్దమా నడిచింది. అబ్బా ఓటు రంగారావుకి, మామూ ఓటు పృథ్వీరాజ్‌కి. గవాహీ చెప్పగలిగినవాడు ఒకడున్నాడు, అతన్ని మాత్రం ఎవరూ పిలవలేదు. అతనే సలీం. జహంగీర్ పాదుషా అయ్యాక రాసుకున్న తుజుక్‌లో వాళ్ళ నాన్న రూపం రాశాడు: మధ్యరకం పొడవు, గోధుమ వన్నె, నల్లటి కళ్ళు, ముక్కుకి ఎడమ పక్క సగం శనగబద్దంత పుట్టుమచ్చ. ముగ్గురు అక్బర్లలో ఒక్కరి ముక్కు పక్కన కూడా ఆ మచ్చ ఉన్నట్టు నాకు గుర్తులేదు.

అదే తుజుక్‌లో తను తాగిన షరాబు లెక్క రాశాడు, వేటలో కొట్టిన జంతువుల లెక్క రాశాడు, మామిడిపళ్ళ రుచి రాశాడు. ఏదీ దాచుకునే మనిషి కాదు. అనార్కలీ పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇక వయసు చూడండి. సలీం పుట్టింది 1569లో. తండ్రి మీద బగావత్ మొదలుపెట్టింది 1600 ప్రాంతంలో. అంటే ముప్పై దాటిన మనిషి. అప్పటికి నికాహ్‌లు చాలా అయ్యాయి, ఖుస్రో, పర్వేజ్, ఖుర్రం అని కొడుకులున్నారు. ఆ ఖుర్రమే తర్వాత షాజహాన్. ఇలాహాబాదులో కూర్చుని తన పేరు మీద దర్బారు నడిపింది తఖ్తు కోసం. 1602లో అబుల్ ఫజల్‌ని దారికాచి చంపించిందీ తఖ్తు కోసమే. ముగ్గురు పిల్లల తండ్రి కుర్సీ కోసం నాన్నతో తగువు పడటం మన ప్రతి మొహల్లాలో ఉన్నదే. దానికి ఎవరు టిక్కెట్టు కొంటారు? అందుకే మధ్యలో ఒక కనీజ్ కావాల్సి వచ్చింది.

మరి అనార్కలీ ఎక్కణ్ణించి వచ్చింది? 1611లో విలియం ఫించ్ అనే ఇంగ్లీషు వ్యాపారి నీలిమందు అమ్మడానికి లాహోర్ వెళ్ళాడు. అక్కడ ఒక మజార్ చూపించి జనం చెప్పిన కిస్సా రాసుకున్నాడు. అక్బర్ జనానాలో ఒకామెకు షెహజాదాతో సంబంధం ఉందని, పాదుషా ఆమెను గోడలో పెట్టించాడని. బేరానికి పోయినవాడు బజారు కబురు మోసుకొచ్చాడు. ఆ మజార్ ఇప్పటికీ లాహోర్‌లో ఉంది. తెల్లరాతి మీద అల్లా పేర్లు చెక్కి, ఒకచోట ‘మజ్నూన్ సలీం అక్బర్’ అని ఉంది. హిజ్రీ సంవత్సరాలు రెండున్నాయి, మన లెక్కలో 1599, 1615 అవుతాయి. లోపల ఉన్నది ఎవరని పెద్ద పెద్ద చరిత్రకారులే ఇంకా వాదించుకుంటున్నారు. సిక్కుల కాలంలో అది నివాసమైంది, ఇంగ్లీషోళ్ళ కాలంలో చర్చి అయింది, ఆ తర్వాత సర్కారీ కాగితాల గది అయింది. నాలుగు గోడల మధ్య అనార్కలీ ఉందో లేదో గానీ, దఫ్తర్లు మాత్రం బోలెడు సమాధి అయ్యాయి.

మన సినిమాలన్నిటికీ మూలం ఇంతియాజ్ అలీ తాజ్ అనే లాహోర్ కుర్రాడి డ్రామా. 1922లో, ఇరవై రెండేళ్ళ వయసులో రాశాడు. ఈ దాస్తాన్‌కి తారీఖ్‌లో బునియాద్ లేదని దీబాచాలో తనే ఈమాన్‌దారీగా చెప్పాడు. డ్రామా రాసినవాడే అబద్ధమని చెప్పినా వినని జనాన్ని ఏమనాలి? మా మామూకి ఈ సంగతి చెబితే, ‘రాసినోడికేం తెలుసురా, చూసినోణ్ణి నేను కదా’ అన్నాడు.

జోధా సంగతి ఇంకొంచెం మజాగా ఉంటుంది. 2008లో ‘జోధా అక్బర్’ వచ్చినప్పుడు మా బేగం రెండుసార్లు చూసింది. హృతిక్ రోషన్ చేసిన కత్తి కసరత్తు కోసం కాదట, ఐశ్వర్య వేసుకున్న నగల కోసమట. పోనీలెండి. అక్బర్ 1562లో ఆమేర్ రాజా భారమల్ కూతుర్ని చేసుకున్న మాట నిజం. అక్బర్‌నామాలో ఆమెకు జోధా అనే పేరు లేదు. ఆమె ఖితాబు మరియం ఉజ్ జమానీ. జోధ్ బాయి అని పిలిపించుకున్నది ఆమె కోడలు, షాజహాన్ తల్లి. అత్త పేరు కోడలికి పెట్టడం మనకు తెలుసు, ఇక్కడ కోడలి పేరు అత్తకు పెట్టారు. ఏ అత్త ఒప్పుకుంటుంది?

సినిమాలో ఆమె వంట చేస్తుంది, కత్తి తిప్పుతుంది, పూజ చేసుకుంటుంది. అసలామె పని ఓడల వ్యాపారం. సూరత్ నుంచి ఎర్రసముద్రానికి సరుకూ, హాజీలూ ఎక్కించుకుని పోయే ‘రహీమీ’ అనే పెద్ద ఓడ ఆమెది. 1613లో పోర్చుగీసు వాళ్ళు దాన్ని పట్టుకుపోతే, కొడుకు జహంగీర్ వాళ్ళతో లడాయికే దిగాడు. రాజ్‌పుత్ బిడ్డ, మొఘల్ బేగం, హజ్ యాత్రికుల ఓడకు యజమానురాలు! ఇంత కథ చేతిలో పెట్టుకుని, ఆమెను వంటింట్లోకి పంపి పప్పు కలిపించారు. ఇది చెబితే మా బేగం, ‘ఓడ సంగతి తర్వాత, ఆమెకు వంట వచ్చా రాదా?’ అంది. తారీఖ్‌లో నాకు దొరకలేదు.

ఇంతవరకూ నవ్వులాటే. 2018 జనవరిలో ‘పద్మావత్’ వచ్చింది. ఆ సినిమా మీద గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. రాణిని కించపరిచారని రాజ్‌పుత్ సంఘాల వాళ్ళు బస్సులు తగలబెట్టారు, సినిమా పేరే ‘పద్మావతి’ నుంచి మార్పించారు. తీరా చూస్తే రాణీ, రాజా ఇద్దరూ పన్నీటితో కడిగిన ముత్యాల్లా ఉన్నారు. జుట్టు విరబోసుకుని మాంసం పీక్కుతింటూ, కళ్ళకు సుర్మా పెట్టుకుని గంతులేసింది అలావుద్దీన్ ఖిల్జీ. పాపం, ఆయన తరఫున ధర్నా చేయడానికి చుట్టాలెవరూ లేరు. 1316లోనే పోయాడు.

ఆ వారం మా చిన్నోడు బడినుంచి ముఖం మాడ్చుకుని వచ్చాడు. క్లాసులో పిల్లలు వాణ్ణి ‘ఖిల్జీ’ అని పిలుస్తున్నారట. టీచరు విన్నా ఏమీ అనలేదట. ‘అబ్బా, ఖిల్జీ మనోడా?’ అని అడిగాడు.

వాడి వయసులో నేను సలీంని మనోడనే అనుకున్నాను. మా ఇల్లంతా అలాగే అనుకుంది, నలభై ఏళ్ళు మీసం తిప్పుకుంది. తెర మీద తాజు పెట్టుకున్నవాణ్ణి వాటేసుకుని మనోడన్నాం. ఇప్పుడు అదే తెర ఇంకొకణ్ణి చూపించి, వీడూ మీవాడే తీసుకోండి అంటోంది. ఒకే దుకాణం, ఒకే తక్కెడ. సలీంని తూచి తీసుకున్నవాళ్ళం ఖిల్జీని వద్దనడానికి ఏ ముఖంతో పోవాలి?

అందుకని వాడికి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను. ఖిల్జీ ఫకీరేం కాదు. పిల్లనిచ్చిన మామ, పైగా సొంత చిన్నాన్న, జలాలుద్దీన్‌ని చంపించి 1296లో తఖ్తు ఎక్కాడు. 1303లో చిత్తోడ్ గెలిచినప్పుడు ముప్పై వేలమందిని నరికించాడని వెంట ఉన్న అమీర్ ఖుస్రోనే రాశాడు. మంగోలుల దండయాత్రల్ని తిప్పికొట్టిందీ అతనే. ఢిల్లీ బజారులో గోధుమలు ఆనాటి మణుగు ఏడున్నర జీతల్స్ అని ధర కట్టి, వానలు లేని ఏడు కూడా దాటనివ్వలేదని బరనీ రాశాడు. తూకంలో మోసం చేసిన దుకాణదారు ఒంట్లోంచి అంత కండ కోయించేవాడట. (ఇక్కడ మా బేగం వంటింట్లోంచి, ‘ఆయన్ని ఒక్కరోజు మన రైతు బజారుకు పంపండి’ అని కేకేసింది.) పద్మిని కథ అతను పోయిన రెండొందల ఏళ్ళకు పైబడి, 1540లో, మలిక్ ముహమ్మద్ జాయసీ అనే సూఫీ అవధీలో కట్టిన కావ్యం. ఆ రాణిని అంత అందంగా మొదట నిలబెట్టిన కలం ఒక ముసల్మానుది. ఆ మాట నేను చూసిన గొడవల్లో ఎవరి నోటా రాలేదు.

‘ఇంకో సంగతి వినరా. ఆ ఖిల్జీ ఫౌజే 1309లో మలిక్ కాఫూర్ వెంట మన ఓరుగల్లు మీదికి వచ్చింది. కాకతీయ ప్రతాపరుద్రుడు ఏనుగులూ గుర్రాలూ ఖజానా ఇచ్చి సుల్హ్ చేసుకున్నాడు. ఆ లెక్కన ఖిల్జీ మీద ఫిర్యాదు పెట్టాల్సింది తెలుగువాళ్ళం మనమే’ అన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు. ‘మరి ఆ రోజు మనం ఎటువైపు ఉన్నాం? ప్రతాపరుద్రుడి వైపా, ఖిల్జీ వైపా?’

మా తాత దూదేకుల. వాళ్ళ తాత దూదేకుల. అంతకు ముందు ఎవరో నాకు తెలిసిన దఫ్తర్లో లేదు. ‘కోట బయట ఎక్కడో ఏకుడు బద్ద పట్టుకుని కూర్చుని ఉంటాంలేరా. ఎవరు గెలిచినా పరుపులు కావాలి కదా’ అన్నాను. ముందు మా బేగం నవ్వింది, తర్వాత వాడు. మర్నాడు బడిలో ఎవడో ఖిల్జీ అంటే, ‘ఖిల్జీ కాదు, ఖిల్జీకి పరుపు కుట్టినోణ్ణి’ అన్నాడట. ఆ పేరు వారంలో చచ్చిపోయింది.

అప్పట్నించి వాడితో సినిమా చూడటం ముష్కిల్ అయింది. టీవీలో 2006 నాటి ‘శ్రీరామదాసు’ వేశారు. ఒకప్పటి సలీం, మన అక్కినేని, తెల్లగడ్డంతో కబీర్‌దాసుగా వచ్చి నాగార్జునకు ఉపదేశం చేస్తున్నాడు. వీడు వేళ్ళ మీద లెక్కేశాడు. కబీర్ పోయింది ఎప్పుడో పదహారో శతాబ్దం మొదట్లో, తానీషా రాజ్యానికొచ్చింది 1672లో. ‘అబ్బా, ఈయన నూట యాభై ఏళ్ళు ఎలా ఆగాడు?’ అని అడుగుతాడు. కంచర్ల గోపన్న ఖైదునుంచి బయటపడగానే సినిమా అయిపోయిందనుకుని మేం లేస్తుంటే, ‘తానీషా ఏమయ్యాడు?’ అన్నాడు.

1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకున్నాడు. అబుల్ హసన్ తానీషాను దౌలతాబాద్ కోటలో ఖైదు చేశారు. పన్నెండేళ్ళ ఖైదు అని గోపన్న గురించి చెప్పుకుంటాం కదా, సుమారు అన్నేళ్ళే తానీషా కూడా ఖైదులో ఉండి అక్కడే పోయాడు. ఆయన రుసుము కట్టడానికి రాత్రిపూట ఎవరూ రాలేదు. మజార్ ఆ దగ్గర్లోనే ఖుల్దాబాదులో ఉంది. అదే ఊళ్ళో ఔరంగజేబు మజారూ ఉంది.

‘ఖైదు చేసినోడూ, ఖైదైనోడూ ఒకే ఊళ్ళోనా?’ అని వాడు రిమోట్ పక్కన పెట్టేశాడు. బేగం ఔరంగాబాద్‌కి రైలు ఎప్పుడుందో చూడమంది, అక్కడ హిమ్రూ శాలువాలు బావుంటాయట.