పోపులపెట్టె పైసలు

నెలాఖరున పోపులపెట్టె అడుగున చిల్లర తడుముకోవడం మన వంటిళ్ళకి పాత అలవాటే. ఆవాల వాసనేసే ఆ డబ్బులకి లెక్కడిగేవారుండరు. మూర మల్లెపూలకో, ఓ వారపత్రికకో సరిపోతే చాలు, ఒకటో తారీఖు దాకా ప్రాణం హాయి!

1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలన్నారు. 16 అణాల లెక్క అలవాటైన ఇల్లాళ్ళకి కొత్త తిప్పలు. పావలాకి 25 సరే. బేడకి మాత్రం 12. రెండు బేడలు విడివిడిగా మారిస్తే ఓ పైసా గోవిందా! మనవాళ్ళు కలిపే మార్చి ఉంటారు లెండి.

ఆ పావలా కూడా 2011 జూన్ 30 నుంచి చెల్లలేదు. పోనీ, చిల్లరే కదా. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దన్నాక పెట్టెలోని గుట్టంతా మగవాళ్ళ ముందు బయటపెట్టాల్సొచ్చింది. బ్యాంకుకి వెళ్ళిన ఆ డబ్బులో మళ్ళీ పోపులపెట్టెకి చేరిందెంతో!