చిట్టా కెక్కిన పేరు

నెల్లూరు తీరపు పల్లెలలో ఒకప్పుడు ఒక మనిషినిగూర్చి పుకారు పుట్టినచో అది సంత దాకనో, పక్క పాలెము దాకనో పోయెడిది. నాలుగు నెలలు గడచిన పిమ్మట జనము దానిని మరచెడివారు. మరపు సంఘమున మనిషికి ఒక విధమైన రక్షణ. నేడు సామాజిక మాధ్యమములలోని కెక్కిన మాటయు, బొమ్మయు అట్లు మరుగున పడుటలేదు. ఇందుకు కారణమేమి? వ్రాసి దాచుట పూర్వమునుండియు ఉన్నదే. దాచినదానిని క్షణములో వెదకి తీయగల ఉపాయమే ఈ మార్పునకు మూలము. ఆ ఉపాయము మనుషుల పేరుప్రతిష్ఠలను ఎట్లు పట్టి ఉంచగలదో తెలిసికొనుటకు ఒక నూరేండ్లు వెనుకకు, నెల్లూరు జిల్లా కావలికి పోవలెను.

1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసినది. 1911లో దానిని తిరుగవ్రాసి మదరాసు రాజధానికి కూడ వర్తింపజేసిరి. ప్రభుత్వము ప్రకటించిన కులములవారి పేర్లను రిజిస్టరులో నెక్కించి, వేలిముద్రలు తీసికొని, వారి రాకపోకలను పోలీసువారు కనిపెట్టుచుండవచ్చును. ఎవడు ఏ నేరము చేసెనని విచారింప నక్కరలేదు, పుట్టుకయే చాలును. ఇట్టివారికొరకు కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను ఒక సెటిల్మెంటు నడపినది. అందుంచబడినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. ఎరుకల కుటుంబములు పలువురు పూర్వము తీరపు ఉప్పును పశువులపై వేసికొని లోపలి సీమలకు పోయి, ధాన్యమునకు మారుగా ఇచ్చి బ్రతికెడివారు. ప్రభుత్వపు ఉప్పు విధానమును, రైలుబండియు ఆ వ్యాపారమును దెబ్బతీసినవి. రిజిస్టరులో ఈ కథకు చోటులేదు. అందు మిగిలినది ‘నేరస్థ జాతి’ యను ముద్ర యొక్కటే. అది తండ్రినుండి బిడ్డకు కూడ సంక్రమించెను.

ఒక పెద్ద కాగితముల గుట్టలో ఒక మనిషిని కనుగొనుట యెట్లు? ఈ చిక్కును విప్పినది 1897లో కలకత్తాలో వెలసిన వేలిముద్రల కార్యాలయము. అక్కడ పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనువారు ముద్రలను వర్గీకరించు పద్ధతిని రూపొందించుటలో తోడ్పడిరి. అది పైయధికారియైన హెన్రీ పేర ప్రసిద్ధి కెక్కినది. ప్రతి వేలికిని సుడి ఉన్నదా, లేదా అని చూతురు. ఒక్కొక్క వేలికి రెండు అవకాశములు. పది వేళ్లకు రెండును పదిమార్లు హెచ్చింపగా 1024. కాబట్టి 1024 అరలలో కార్డులను సర్దినచో, కావలసినది ఏ అరలో నున్నదో ముందే తెలియును. గుట్టనంతయు వెదకు పని తప్పినది. ఆనాటినుండి చిట్టాకు బలము పెరిగినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1952 ఆగస్టు 31న ఆ చట్టము దేశమంతట రద్దయినది. అయినను అనుమానితుల పేర్లను చిట్టాలో నుంచి, రాత్రివేళ తలుపు తట్టు అలవాటు పోలీసుశాఖలో మిగిలినది. ఉత్తరప్రదేశమునకు చెందిన ఖడక్ సింగ్ అనునతడు దీనిపై సుప్రీంకోర్టు కెక్కెను. 1962 డిసెంబరు 18న తీర్పు వచ్చినది. రాత్రి సోదాలు చెల్లవనిరి గాని, ఏకాంతహక్కు రాజ్యాంగమున లేదని అధికసంఖ్యాకులు పలికిరి. రాజమండ్రిలో జన్మించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు మాత్రము భిన్నాభిప్రాయము వ్రాసిరి. తనను నిరంతరము ఎవరో కనిపెట్టుచున్నారని యెరిగిన మనిషికి స్వేచ్ఛ యెక్కడిదని వారి వాదము.

1994లో ఒక తమిళ పత్రిక ఖైదీ ఆత్మకథను ప్రచురింపబూనిన వ్యాజ్యములో మరియొక తెలుగు న్యాయమూర్తి బి. పి. జీవన్‌రెడ్డి తీర్పు వ్రాసిరి. ప్రజాదస్తావేజులలో లేని స్వవిషయములను అనుమతి లేక ప్రకటించుట తగదని అందు స్పష్టపడినది. పిదప ఆధారు వచ్చినది. మరల పది వేళ్ల ముద్రలు! విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన వ్యాజ్యములో, 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకాంతము ప్రాథమికహక్కే యని ఏకగ్రీవముగ తీర్మానించిరి. వారిలో కృష్ణాజిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ ఒకరు. 55 సంవత్సరములకు సుబ్బారావుగారి మాట నెగ్గినది.

అయితే నేటి చిట్టాను వ్రాయువారు పోలీసులే కారు. మనము కూడ వ్రాయుచున్నాము. 2021 మే నెలలో కృష్ణపట్నమున ఒక నాటుమందు కొరకు వేలాదిమంది చేరినపుడు, రోగుల ముఖములును, మాటలును ఫోనునుండి ఫోనుకు దేశమంతట పాకినవి. ఆ మందు సంగతి సద్దుమణిగినది; ఆ బొమ్మలు మాత్రము ఇంకను ఎందరి ఫోనులలోనో ఉన్నవి. మన గోడమీది బొమ్మను మనము చెరపినను, ఇతరులు తీసికొన్న ప్రతులు చెరగవు. పైగా ఫోనుతో తీసిన బొమ్మలో తేదీ, వేళ, అనుమతించియున్నచో తీసిన స్థలపు అక్షాంశ రేఖాంశములు సైతము దాగియుండును. పెక్కు మాధ్యమములు వానిని తొలగించును గాని, మూలప్రతిని అట్లే పంపినచో అవియు వెంట పోవును.

2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. 2025 నవంబరులో దాని నియమములు ప్రకటించి, దశలవారీగ అమలునకు ఏర్పాటు చేసిరి. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల సమాచారము తీసికొనుటకు తలిదండ్రుల సమ్మతి వలయునని అందున్నది. కాని ఉపాధ్యాయులు విద్యార్థులకు తప్పక చెప్పవలసిన సంగతి మరియొకటి కలదు. ఎవరైన తమంతట తాము బహిరంగముగ ప్రకటించుకొన్న సమాచారమునకు ఈ చట్టము వర్తింపదు.

కనుక బొమ్మను పంపుటకు పూర్వము అందున్నవారి సమ్మతి అడుగుట, స్థలసూచనను ఆపివేయుట, తోటి విద్యార్థిని హేళనచేయు వీడియో వచ్చినపుడు దానిని తన యొద్దనే నిలిపివేయుట నేర్చుకొనవలెను. కావలి రిజిస్టరులో తమ పేరెక్కినపుడు ఆ ఎరుకలవారి నెవరును అడుగలేదు. పక్క బెంచిపై కూర్చున్న పిల్లవాని పేరు మన చేతిమీదుగ అట్టి చిట్టా కెక్కరాదు.