ఒక పౌండు టికెట్, పాలు ఉచితం

ఆన్‌సైట్‌కి వచ్చి ఎన్నాళ్ళైనా నాకు ఒక జబ్బు మాత్రం పోలేదు. ఏ ధర చూసినా మనసులో రూపాయల్లోకి మార్చేసుకుంటా. 2024 నవంబరులో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవానికి టికెట్ కొందామని కూర్చున్నప్పుడూ అదే జరిగింది. టికెట్ 373.50 పౌండ్లు, బుకింగ్ ఫీజు ఇంకో 5. అంటే నలభై వేల రూపాయల పైమాటే. పొలంలో గుడారం వేసుకుని ఐదు రోజులు పడుకోవడానికి! పైగా ప్రధాన వేదిక మీద ఎవరు పాడతారో అప్పటికి చెప్పనేలేదు. అవతల ఊళ్ళో ఇంటి లోను వాయిదా ఉండనే ఉంది.

మా టీమ్‌లో యాభై దాటిన బ్రిస్టల్ పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నా అవస్థ చూసి నవ్వి, "నేను 2000లో కంచె దూకి వెళ్ళాను, ఒక్క పెన్నీ కాలేదు" అన్నాడు. కాసేపు అసూయ పడ్డా. తర్వాత ఆ మాటే బుర్రలో తిరగడం మొదలెట్టింది. ఆయనకి ఖర్చు కాలేదు సరే, మరి ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నట్టు? అది వెతుక్కుంటూ ఈ ఉత్సవం చరిత్రలోకి వెళ్ళా.

కథ 1970లో మొదలైంది. ఇంగ్లండు నైరుతి వైపు సోమర్‌సెట్‌లో పిల్టన్ అని ఒక పల్లెటూరు. అక్కడ వర్తీ ఫార్మ్ అనే పాడి పొలం, దాని యజమాని మైకేల్ ఈవిస్. ఆ వేసవిలో దగ్గర్లో జరిగిన బాత్ బ్లూస్ ఉత్సవం చూసొచ్చి, మన పొలంలోనే ఒకటి పెడితే పోలా అనుకున్నాడు. సెప్టెంబరు 19న పెట్టేశాడు కూడా. టికెట్ ఒక్క పౌండు, పొలంలో పాలు ఉచితం! వచ్చినవాళ్ళు సుమారు 1,500 మంది. ధరల పెరుగుదల కలుపుకున్నా ఆ పౌండు ఇవాళ పాతిక పౌండ్లు దాటదు.

ఎంత చవకో కదా! కానీ ఈవిస్‌కి లెక్క తేలలేదు, నష్టం వచ్చింది. ముఖ్య గాయకుడు మార్క్ బోలన్‌కి ఇవ్వాల్సిన సొమ్ము పాల డబ్బుల్లోంచి వాయిదాల మీద తీర్చాడు. అంటే అసలు ధర పౌండు కాదు. జనం ఒక పౌండు ఇచ్చారు, మిగతాది ఆవులు ఇచ్చాయి.

1971లో ప్రవేశమే ఉచితం. మొదటి పిరమిడ్ స్టేజి ఆ ఏడాదే కట్టారు. తెల్లవారుజామున డేవిడ్ బోవీ పాడాడు. ఖర్చంతా నిర్వాహకులు, వాళ్ళని నమ్మి డబ్బు పెట్టినవాళ్ళు భరించారు. ఆ తర్వాత మళ్ళీ పద్ధతిగా ఉత్సవం జరగడానికి 1979 దాకా పట్టింది.

మా ఊళ్ళో తిరునాళ్ళ నాటకానికీ టికెట్ ఉండదు. కానీ నెల ముందు నుంచే చందా పుస్తకం ఇల్లిల్లూ తిరుగుతుంది. ఉచితం అంటే ఎవరో ముందే ఇచ్చేశారని అర్థం.

ఇక మా పెద్దాయన దూకిన 2000కి వద్దాం. ఆ ఏడు అమ్మిన టికెట్లు సుమారు 1,00,000, ఒక్కోటి 87 పౌండ్లు. లోపల చేరిన జనం రెండున్నర లక్షలు ఉంటారని అంచనా! అది ముగిసి వారం తిరక్కుండానే, జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డ ఉత్సవంలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. పిల్టన్‌లో అలాంటిది జరగలేదు, అదృష్టం అంతే. 2001లో ఉత్సవం ఆపేశారు. 2002లో ఎత్తైన ఉక్కు కంచె కట్టాకే మళ్ళీ మొదలెట్టారు. 2007 నుంచి ఫొటోతో రిజిస్టర్ చేసుకోందే టికెట్ ఇవ్వరు.

ఇప్పుడు అక్కడ చేరేది రెండు లక్షల పైన జనం. మంచినీళ్ళు, మరుగుదొడ్లు, వైద్యం, భద్రత, కంచె... అన్నిటి ఖర్చూ లెక్కలోకి వస్తుంది. ఆక్స్‌ఫామ్, వాటర్‌ఎయిడ్, గ్రీన్‌పీస్ లాంటి సంస్థలకి విరాళాలూ ఇస్తారు. ఒకప్పుడు ఆవుల మీద, అదృష్టం మీద పడిన బరువు ఇప్పుడు టికెట్ మీద పడింది. దీనివల్ల పోయిందీ ఉంది. జేబులో ఒక్క పౌండుతో వచ్చిన 1970 నాటి కుర్రాడికి ఇవాళ గేటు దగ్గర చోటు లేదు. ఆక్స్‌ఫామ్ తరఫున వాలంటీరుగా షిఫ్టులు చేసి లోపలికి వెళ్ళేవాళ్ళున్నారు గానీ, అదీ అందరికీ కుదరదు.

చివరికి నేను కొన్నాను. గుడారం, బస్సు, తిండి కలిపితే ఇంకో టికెట్ అంత అయింది. 2025 జూన్‌లో ఆ శనివారం రాత్రి పిరమిడ్ ముందు నీల్ యంగ్ పాడుతుంటే, నా ముందున్న పెద్దావిడ నీరసంగా కింద కూర్చుండిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఎవరో నీళ్ళు అందించారు. కాసేపటికి లేచి మళ్ళీ చప్పట్లు కొట్టింది. వెనక్కి జరగడానికి అక్కడ చోటుంది చూశారూ, నా నలభై వేలల్లో సగం దానికే ఇచ్చాననిపించింది.

సోమవారం సెలవు పెట్టి, మంగళవారం ఆఫీసులో ఇదంతా చెప్తే పెద్దాయన ఈసారి నవ్వలేదు. "ఆ రోజు నేను పడిపోయుంటే లేచేవాణ్ణి కాదేమో" అన్నాడు.

ప్రతి ఏడూ వెళ్తానా? లేదు. 2026లో ఎలాగూ పొలానికి, ఆవులకి సెలవు ఇచ్చారు. నా లోనుకీ కాస్త ఊపిరి కావాలి. జన్మకోసారి మాత్రం దండగ కాదు, అదీ ఎవరి దగ్గరా అప్పు చెయ్యకుండా వెళ్ళగలిగితే. మీరేమంటారు?