స్వాకోప్‌ముండ్‌లో మేట వేసిన చరిత్ర

నమీబియా పడమటి తీరాన స్వాకోప్‌ముండ్ అనే ఊరుంది. అక్కడికి వెళ్లిన యాత్రికులకు ఒకరోజు విహారం దాదాపు ఖాయం. పొద్దున జీపులో ఇసుక దిబ్బల్లోకి తీసుకెళతారు. గైడు ఇసుక మీది జాడలు పట్టుకుని వెళ్లి, వేళ్ల మధ్య పొరలున్న బల్లినీ, కళ్లు మాత్రం పైకి పెట్టి ఇసుకలో కూరుకుని ఉన్న పామునూ, ఎండకు రంగు మార్చే ఊసరవెల్లినీ చూపిస్తాడు. పొగమంచు కమ్మిన వేళ దిబ్బ కొమ్మున తల దించి, వెనక భాగం ఎత్తి నిలబడి, ఒంటి మీద చేరిన తేమ నోట్లోకి జారేలా చేసుకునే పురుగు గురించి చెబుతాడు. అయస్కాంతంతో ఇసుకలోంచి నల్లటి ఇనుప రజను లాగి చూపిస్తాడు. మధ్యాహ్నం ఊరి వంతు. దీపస్తంభం, 1901 నాటి రైల్వే స్టేషన్, వోర్మన్ ఓడల కంపెనీ పేరుతో నిలిచిన భవనం, సముద్రంలోకి సాగిన ఇనుప జెట్టీ, జర్మన్ కేకులమ్మే దుకాణాలు. పొద్దున చూసింది మనిషి ముట్టని ప్రకృతి అనీ, మధ్యాహ్నం చూసింది మనుషులు కట్టిన ముచ్చటైన ఊరు అనీ యాత్రికుడి మనసులో రెండు గదులు ఏర్పడతాయి. ఈ రెంటినీ విడదీసి చూసినంతకాలం దేన్నీ చూసినట్టు కాదని నా వాదన. ఆ దిబ్బల ఇసుకా ఆ ఊరి పుట్టుకా ఒకే కథ. వాటిని విడగొట్టిన గీతకు కూడా ఒక తేదీ ఉంది, ఆ గీత గీసిన ప్రభుత్వం ఉంది.

ముందు ఇసుక సంగతి. నమీబ్ దిబ్బల ఇసుక చాలావరకు అక్కడ పుట్టింది కాదు. దక్షిణాఫ్రికా ఎత్తుభూముల్ని కోసుకుంటూ వచ్చే ఆరెంజ్ నది దాన్ని తెచ్చి అట్లాంటిక్‌లో పోస్తుంది. నైరుతి గాలికి ఏటవాలుగా వచ్చి ఒడ్డును కొట్టే అలలు ఆ ఇసుకను తీరం వెంబడి ఉత్తరానికి వందల కిలోమీటర్లు తోసుకుపోతాయి. దారిలో కొంత ఒడ్డుకు చేరితే గాలి దాన్ని ఎత్తి లోపలికి మోస్తుంది. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన నమీబ్ ఇసుక సముద్రం 30 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకుని ఉంది. దాన్ని ఉత్తరాన నిలువరించేది కుయిసెబ్ నది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే ఆ నదికి ఎగువ వానలతో వరద వచ్చినప్పుడల్లా అది దారికి అడ్డం వచ్చిన ఇసుకను కడిగేస్తుంది. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ ఆ కాపలా సడలుతుంది. అక్కడ తప్పించుకున్న దిబ్బలు వాల్విస్ బే నుంచి స్వాకోప్ నది వరకు ఒక పట్టీలా సాగుతాయి. యాత్రికుల జీపులు తిరిగేది ఆ పట్టీలోనే. నీళ్లలో ఉత్తరానికి నడిచే ఇసుక ఒడ్డున ఉన్న ఇసుక కంటే వేరు కాదన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఈ ఊరి తలరాతను రాసింది అదే.

అసలు ఆ చోట రేవు పెట్టాలని ఏ నావికుడూ కోరుకోడు. అక్కడ అఖాతం లేదు, ఓడకు చాటు లేదు, అలలు నేరుగా వచ్చి విరుగుతాయి. సుమారు 30 కిలోమీటర్లు దక్షిణాన వాల్విస్ బేలో ప్రకృతి ఇచ్చిన మంచి రేవుంది. కానీ దాన్ని 1878లోనే బ్రిటన్ ఆక్రమించుకుంది. 1884లో ఆ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని జర్మనీ తన రక్షిత ప్రాంతంగా ప్రకటించుకునేసరికి తీరం చేతికొచ్చింది గానీ ద్వారం రాలేదు. బ్రిటిష్ వాళ్ల రేవులో సుంకాలు కట్టి, వాళ్ల దయ మీద సైన్యాన్ని దించుకోవడం వలస ప్రభుత్వానికి గిట్టలేదు. 1892 ఆగస్టులో కెప్టెన్ కర్ట్ ఫాన్ ఫ్రాన్సోవా స్వాకోప్ నది ముఖద్వారానికి ఉత్తరాన రేవుకు చోటు గుర్తించాడు. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఇదే మనిషి హోర్న్‌క్రాన్స్‌లో నామా నాయకుడు హెండ్రిక్ విట్‌బోయి నివాసం మీద తెల్లవారుజామున దాడి చేయించాడు, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. ఊరి పుట్టుకలో సముద్రం పాత్ర తక్కువ, పొరుగు జెండా పాత్ర ఎక్కువ. ఈ ఒక్క వాస్తవం తెలిస్తే ఊళ్లో మిగతాదంతా అర్థమవుతుంది.

చాటు లేని ఒడ్డు కాబట్టి ఓడలు దూరంగా లంగరు వేసేవి. సామాన్లనూ మనుషులనూ చిన్న పడవల్లోకి దించి, అలల మీద ఒడ్డుకు చేర్చేవారు. ఆ పనిలో ఆరితేరిన క్రూ జాతి పడవవాళ్లను లైబీరియా తీరం నుంచి వోర్మన్ కంపెనీ పిలిపించింది. ఇలా లాభం లేదని 1899లో సముద్రంలోకి ఒక రాతి గోడ కట్టడం మొదలుపెట్టారు. దాన్నే మోల్ అంటారు. 375 మీటర్ల పొడవుతో అది 1903 ఫిబ్రవరిలో పూర్తయింది. ఉత్సవం చేశారు. రెండు మూడేళ్లు తిరిగేసరికి దాని చాటున ఇసుక మేట వేసి, పడవలు రాలేని స్థితి వచ్చింది. తీరం వెంబడి నడిచే ఇసుకకు అడ్డంగా గోడ కడితే నీళ్లు నెమ్మదిస్తాయి, నెమ్మదించిన నీళ్లు మోస్తున్నది కింద పడేస్తాయి. ఇది తెలుగు తీరానికి కొత్త సంగతేమీ కాదు. మన తూర్పు తీరంలోనూ ఏడాదిలో ఎక్కువకాలం ఇసుక ఉత్తరానికే నడుస్తుంది. 1933లో తెరిచిన విశాఖ రేవు ముఖద్వారాన్ని కాపాడడానికి ఇంజనీర్లు రెండు పాత ఓడలను కావాలని ముంచి ఇసుకకు అడ్డం పెట్టారు. అక్కడ పేరుకున్న ఇసుకను తవ్వి ఉత్తరాన రామకృష్ణా బీచ్ వైపు పోయడం తర్వాతి కాలంలో మామూలు పనైంది. స్వాకోప్‌ముండ్‌లో ఆ లెక్క ముందుగా వేసుకోలేదు. పొద్దున యాత్రికుడు ఎక్కి దిగిన దిబ్బకూ, సాయంత్రం అతను నీళ్లలో కాళ్లు పెట్టే మోల్ పక్కనున్న నెమ్మదైన ఒడ్డుకూ ఇసుక ఒకటే. ఆ ఒడ్డు ఒక విఫలమైన రేవు.

ఆ వైఫల్యం వచ్చిన సమయం ఘోరమైనది. 1897లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి దేశమంతా పాకి, మందలే ఆస్తిగా బతికే హెరేరోలను దివాలా తీయించింది. ఎడ్లబండ్లు ఆగిపోవడంతో వలస ప్రభుత్వం ఆ ఏడాదే రైలు మార్గం మొదలుపెట్టి, 1902 నాటికి 382 కిలోమీటర్ల దూరంలోని విండ్‌హోక్‌కు చేర్చింది. మందలు పోయిన వాళ్ల భూములు అప్పుల కింద, బలవంతపు అమ్మకాల కింద చేతులు మారాయి. 1904 జనవరిలో హెరేరోలు తిరగబడ్డారు. ఆగస్టు 11న వాటర్‌బర్గ్ దగ్గర యుద్ధం తర్వాత వాళ్లను నీళ్లు లేని ఒమహేకెలోకి తరిమారు. అక్టోబర్ 2న జనరల్ లోథార్ ఫాన్ ట్రోథా, జర్మన్ సరిహద్దులో కనిపించిన ప్రతి హెరేరోనూ కాల్చమని ఉత్తర్వు ఇచ్చాడు. ఏడాది చివర్లో బెర్లిన్ ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని, దాని స్థానంలో నిర్బంధ శిబిరాలు పెట్టమంది. యుద్ధం ముగిసేలోగా సుమారు 14 వేల మంది సైనికులు జర్మనీ నుంచి వచ్చారు. వాళ్లకూ గుర్రాలకూ తిండికీ తుపాకులకూ ప్రధాన ద్వారం స్వాకోప్‌ముండ్. సరిగ్గా అప్పుడే మోల్‌లో ఇసుక పూడింది. సైనిక దళాలు హడావుడిగా చెక్క జెట్టీ కట్టాయి. అయినా ఓడలు ఖాళీ చేయడానికి చేతులు కావాలి. ఆ చేతులు శిబిరాల నుంచి వచ్చాయి.

స్వాకోప్‌ముండ్ శిబిరాల్లోని హెరేరో బందీలను, వాళ్లలో ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా, రేవులో సరుకులు దించడానికీ బండ్లు లాగడానికీ రైలు మార్గం పనులకూ పెట్టారు. వోర్మన్ కంపెనీకి సొంత శిబిరమే ఉండేది. ఈ ఊరి నుంచి సుమేబ్ రాగి గనులకు వేసిన ఒతావి రైలు మార్గంలోనూ బందీలు పనిచేశారు. పొడి గాలి వీచే లోపలి పీఠభూమిలో పుట్టి పెరిగినవాళ్లు బెంగ్వెలా చల్లని ప్రవాహం పంపే పొగమంచులో, గోనెసంచులు కట్టుకుని, అలవాటు లేని తిండి తిని, స్కర్వీతోనూ న్యుమోనియాతోనూ చనిపోయారు. 1905లో అక్కడికి వచ్చిన మతప్రచారకుడు హైన్రిష్ ఫెడర్ ఇదంతా రాసిపెట్టాడు. రెండు వరసల ముళ్లకంచె వెనక కుక్కిన జనం, కర్ర దెబ్బలు, రోజూ చావులు అతని రాతల్లో ఉన్నాయి. ఆ సాక్ష్యానికి బరువెందుకంటే, తర్వాతి కాలంలో అతను వలస పాలన పక్షాన నిలిచిన చరిత్రకారుడు. శత్రువు రాసిన ఆరోపణ కాదిది. సైన్యం సొంత లెక్క ఇంకా బిగువైనది: 1904 అక్టోబర్ నుంచి 1907 మార్చి వరకు అన్ని శిబిరాల్లో కలిపి సుమారు 17 వేల మంది బందీల్లో 7,682 మంది చనిపోయారు, అంటే నూటికి 45 మంది. పొద్దున గైడు మెచ్చుకునే పురుగుకు ప్రాణం పోసే ఆ పొగమంచే ఊళ్లో మనుషుల ప్రాణం తీసింది.

ఇప్పుడు ఆ గీత సంగతి. 1907లో గవర్నర్ ఫ్రీడ్రిష్ ఫాన్ లిండెక్విస్ట్ వన్యమృగాల రక్షణకంటూ పెద్ద పెద్ద ప్రాంతాలను ప్రకటించాడు. ఇప్పటి నమీబ్-నౌక్లుఫ్ట్ జాతీయ ఉద్యానవనానికి మూలం ఆ ప్రకటనలోని మూడో నంబరు అభయారణ్యం. అప్పటికి స్వాకోప్‌ముండ్‌లో శిబిరం ఇంకా ఉంది. హెరేరోల భూములను 1906లో, నామాల భూములను 1907లో ప్రభుత్వం జప్తు చేసుకుంది. అదే 1907లో ఆఫ్రికన్లు మెడలో రేకు బిళ్ల వేసుకు తిరగాలనీ, అనుమతి లేకుండా భూమి గానీ పశువులు గానీ ఉంచుకోకూడదనీ నిబంధనలు వచ్చాయి. జంతువులకు ఆశ్రయం, మనుషులకు కంచె ఒకే పాలన పని. అభయారణ్యం పెట్టడమే కుట్ర అని నేను అనను. ఏనుగులూ జింకలూ నిజంగానే వేటకు అంతరించిపోతున్నాయి. కానీ ఎడారి అంటే మనుషుల ఊసు లేని చోటు అన్న భావన ఆ కాగితాల్లోనే చట్టమైంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. ఆ దిబ్బల్లో నిజంగానే ఎవరూ ఉండరు కదా, ఏడాదికి 20 మిల్లీమీటర్ల వాన కూడా పడని చోట ఎవరుంటారు అంటారు. దిబ్బ కొప్పున ఎవరూ ఇల్లు కట్టుకోరన్నది నిజమే. కానీ దిబ్బల అంచున, కుయిసెబ్ దిగువన, నామా భాష మాట్లాడే టాప్‌నార్ ప్రజలు తరతరాలుగా ఉన్నారు. వాళ్ల బతుకంతా నారా అనే ముళ్ల తీగ చుట్టూ తిరుగుతుంది. ఆకులే లేని ఆ తీగ ఇసుక కింద నీటిని వెతుక్కుంటూ పదుల మీటర్ల లోతుకు వేరు దింపుతుంది, తన చుట్టూ ఇసుకను పట్టి దిబ్బ కూడా కడుతుంది. కాయలు పండే కాలంలో కుటుంబాలు వాటిని ఏరి, గుజ్జును ఉడికించి, వడగట్టి, శుభ్రమైన ఇసుక మీద పలచగా పోసి ఎండబెట్టి చాపలా చుట్టి దాచుకుంటాయి. గింజలు తింటాయి, అమ్ముతాయి. ఏ తీగలు ఏ కుటుంబానివో లెక్క ఉండేది. అంటే ఆ ఇసుకకు హక్కుదారులున్నారు. గైడు దిబ్బ మీద నారా పొదను చూపించి జంతువుల మేత అని దాటిపోతే, ఆ హక్కు ఇంకోసారి చెరిగిపోయినట్టే.

రెండో అభ్యంతరం ఊరి పక్షాన వస్తుంది. భవనాలన్నీ బందీల చెమట అనడం అన్యాయం అంటారు. ఇది సరైన మాట, ఒప్పుకోవాలి. స్టేషన్ 1901ది, మోల్ 1903ది, రెండూ యుద్ధానికి ముందువే. అలల మీద రాయి పేర్చిన పనివాళ్ల నేర్పు గొప్పదే, విండ్‌హోక్ రైలు మార్గం సాధారణమైన పని కాదు. నా వాదన ఇటుకల లెక్క మీద ఆధారపడలేదు. చోటు తప్పు, చోటు తప్పు కావడానికి కారణం రాజకీయం, ఆ తప్పుకు మూల్యం కట్టింది దాన్ని ఎంచుకున్నవాళ్లు కాదు అన్నదే వాదన. 1915 జనవరిలో దక్షిణాఫ్రికా సేనలు ఊరిని పట్టుకున్నాక ఓడలన్నీ వాల్విస్ బేకి మళ్లాయి. మొదటి ప్రపంచ యుద్ధంతో సగంలో ఆగిన ఇనుప జెట్టీ అలాగే ఉండిపోయింది. సరిహద్దు అనే కారణం తొలగగానే రేవు పనీ తీరిపోయింది. ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు. పాత తరం చేసిన దానికి ఇప్పుడక్కడ కేకులు కాల్చేవాళ్లను బోనెక్కించాలా అన్న ప్రశ్న కూడా వినిపిస్తుంది. అక్కర్లేదు. చరిత్ర చెప్పడమంటే శిక్ష వేయడం కాదు. అయితే దీపస్తంభానికి దగ్గర్లో, హెరేరోలను అణచడానికొచ్చిన నావికాదళ సైనికుల స్మారకం 1908 నుంచి నిలబడే ఉంది. మౌనం రెండు వైపులా సమానంగా లేదు.

ఊరి అంచున, ఎడారి మొదలయ్యే చోట శ్మశానం ఉంది. పాలరాతి సమాధుల పక్కనే పేర్లు లేని వందలాది చిన్న ఇసుక గుట్టలున్నాయి. శిబిరంలో పోయినవాళ్లవి. చాలాకాలం కంచె కూడా లేక, విహారపు బండ్లు వాటి మీదుగా పోతున్నాయని వారసులు మొరపెట్టుకున్నారు. 2007లో అక్కడ ఒక స్మారక శిల నిలిపారు. విండ్‌హోక్‌లో ఫ్రాన్సోవా విగ్రహాన్ని 2022 నవంబర్‌లో తొలగించారు. 2021 మేలో జర్మనీ, నేటి దృష్టితో చూస్తే అది జాతి నిర్మూలనే అని ఒప్పుకుని 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది. తమను చర్చల్లో సరిగా కూర్చోబెట్టలేదనీ అది నష్టపరిహారం కాదనీ హెరేరో, నామా సంఘాలు చాలా దాన్ని తిరస్కరించాయి. ఆ వివాదం తేలలేదు.

సెలవుకొచ్చినవాళ్లకు ఇదంతా ఎందుకు, నాలుగు గంటల్లో గైడు ఎంతని చెబుతాడు, ఊరి కడుపు నింపేది పర్యాటకమే కదా అనేది చివరి అభ్యంతరం. కడుపు మాట తోసిపుచ్చదగింది కాదు. కానీ పురుగు నీళ్లు తాగే తీరును ఓపికగా వివరించగల గైడుకు, అది విని ఆశ్చర్యపడే యాత్రికుడికి, మోల్ ఎందుకు పూడిందో చెప్పడం వినడం కష్టం కాదు. ఖర్చూ పెరగదు. దారి కొంచెం మార్చితే చాలు: ముందు మోల్ దగ్గర మొదలుపెట్టి ఆరెంజ్ నది ఇసుక కథ చెప్పాలి, అక్కణ్నుంచి దిబ్బల్లోకి వెళ్లి నారా తీగ దగ్గర టాప్‌నార్ల పేరు చెప్పాలి, తిరిగొచ్చేటప్పుడు శ్మశానం దగ్గర బండి ఆపాలి. అది ఎలాగూ దారిలోనే, దిబ్బలకూ ఊరికీ మధ్యే ఉంది.