పొయ్యి పెట్టుకున్న చిప్

ఎలక్ట్రానిక్స్ వాళ్లకు వేడి అంటే పడదు. ఫ్యాన్లు, హీట్‌సింకులు, డబ్బాకు కొట్టే గాలి చిల్లులు అన్నీ దాన్ని బయటికి తరమడానికే. అలాంటిది 1960ల్లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ యూఏ726 అనే చిప్‌ను అమ్మింది. అందులో వాడుకునేవాడికి దక్కేవి రెండే రెండు ట్రాన్సిస్టర్లు. మిగతా సర్క్యూట్ అంతా ఆ సిలికాన్ ముక్కను కాచి, ఒకే ఉష్ణోగ్రత దగ్గర పట్టి ఉంచడానికే. బయట చలి పెరిగితే అది తన పొయ్యిని కాస్త ఎగదోసుకుంటుంది. తర్వాతి రోజుల్లో మినీమూగ్ సింథసైజర్ శ్రుతి తప్పకుండా ఉండటానికి దాని ఆసిలేటర్ బోర్డులో ఈ చిప్‌నే పెట్టారు. రెండు ట్రాన్సిస్టర్ల కోసం ఇంత ఆర్భాటం ఎందుకని తవ్వుకుంటూ పోతే, దారి కరెంట్ మిర్రర్ దగ్గర తేలుతుంది. అక్కడ నాకు తట్టిందేమిటంటే, ఆ సర్క్యూట్‌ను ఎవరు గీశారన్నది చిన్న ప్రశ్న. రెండు ట్రాన్సిస్టర్లను ఒకే వేడిలో ఎవరు కాపురం పెట్టించారన్నదే పెద్ద ప్రశ్న.

కరెంట్ మిర్రర్ చూడటానికి చాలా సులువు. మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌ను దాని కలెక్టర్‌కే కలిపి, అందులోకి ఒక కరెంట్ పంపాలి. దాని బేస్-ఎమిటర్ మధ్య ఏర్పడ్డ వోల్టేజీని రెండో ట్రాన్సిస్టర్‌కు ఇవ్వాలి. రెండూ ఒకేలా ఉంటే రెండోది కూడా అంతే కరెంట్ లాగుతుంది. చిక్కంతా ఆ ‘ఒకేలా’ దగ్గరే. బేస్ వోల్టేజీలో 18 మిల్లీవోల్టుల తేడా వస్తే కరెంట్ రెట్టింపవుతుంది. ఒక్క డిగ్రీ వేడెక్కితే అదే కరెంట్‌కు కావలసిన వోల్టేజీ సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. అంటే ఒక డిగ్రీ తేడాకు కరెంట్‌లో దాదాపు 8 శాతం తప్పు. విడి ట్రాన్సిస్టర్లతో లెక్క వేసి చూడండి. మామూలు ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్ ఒక్కో వాట్‌కు సుమారు 200 డిగ్రీలు వేడెక్కుతుంది. అవతలి ట్రాన్సిస్టర్ మీద 15 వోల్టులు, 1 మిల్లీ ఆంపియర్ ఉంటే 15 మిల్లీవాట్లు, అంటే 3 డిగ్రీలు. అంతమాత్రానికే కరెంట్ పావువంతు పెరుగుతుంది. పెరిగిన కరెంట్ మళ్లీ వేడి పెంచుతుంది, ఆ వేడి మళ్లీ కరెంట్ పెంచుతుంది. 1 మిల్లీ ఆంపియర్ దగ్గర ఈ చక్రం ఎక్కడో ఒకచోట ఆగుతుంది. నాలుగైదు దగ్గరికి వస్తే ఇక ఆగదు.

జత కుదర్చడం అనే పని ట్రాన్సిస్టర్ కంటే పాతదే. 1936లోనే ఇంగ్లండులో అలన్ బ్లమ్లైన్ రెండు వాల్వులకు కలిపి ఒకే తోక తగిలించిన జంట సర్క్యూట్‌కు పేటెంట్ వేశాడు. తర్వాత జెర్మేనియం ట్రాన్సిస్టర్ల కాలం వచ్చింది. వాటి లీకేజీ కరెంట్ పది డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపయ్యేది కాబట్టి, జత కంటే ముందు ప్రాణం నిలబెట్టుకోవడమే పెద్ద పని అయింది. సిలికాన్ వచ్చాక లీకేజీ బెడద తగ్గింది కానీ జత బెడద తీరలేదు. ఒక్కో ట్రాన్సిస్టర్‌ను కొలిచి, దగ్గరి విలువలున్న రెండిటిని ఏరి, ఒకే లోహపు దిమ్మలో దిగేసేవారు. ఆ ఓపిక ముచ్చటైనదే. కానీ దాని మీద పెద్ద పరిశ్రమ నిలబడదు.

ఇక్కడే బాబ్ విడ్లర్ వస్తాడు, నాకు ఇష్టమైన కాలమూ వస్తుంది. 1963లో ఫెయిర్‌చైల్డ్‌లో చేరిన ఈ కుర్రాడు, తయారీ విద్య తెలిసిన డేవ్ టాల్బర్ట్‌తో కలిసి 1964లో యూఏ702 అనే యాంప్లిఫయర్ చిప్‌ను, 1965లో యూఏ709ను బయటికి తెచ్చాడు. అప్పటికి అందరూ ఐసీని, అంటే మొత్తం ఒకే చిప్ మీద కట్టిన సర్క్యూట్‌ను, లోపాల పుట్టగానే చూస్తున్నారు. చిప్ మీద రెసిస్టర్ విలువ 20 శాతం అటో ఇటో పోతుంది. పెద్ద విలువలు అసలు పట్టవు. కెపాసిటర్లు చోటంతా మింగేస్తాయి. విడ్లర్ లెక్క వేరు. రెసిస్టర్ విలువ ఎంతన్నది నమ్మలేం గాని, పక్కపక్కనున్న రెండు రెసిస్టర్ల నిష్పత్తిని నమ్మొచ్చు. ట్రాన్సిస్టర్ ఎలాంటిదో ముందే చెప్పలేం గాని, దాని పొరుగుది అచ్చం అలాగే ఉంటుందని చెప్పొచ్చు. పైగా రెండూ ఒకే సిలికాన్ మీద ఉన్నాయి కాబట్టి ఒకటి వేడెక్కితే రెండోదీ వేడెక్కుతుంది. అందుకే రెసిస్టర్లు తగ్గించి ట్రాన్సిస్టర్లు పెంచాడు. ఆయన పేరుతో నిలిచిన కరెంట్ సోర్స్ చూస్తే సంగతి తెలుస్తుంది. 15 వోల్టుల నుంచి 10 మైక్రో ఆంపియర్లు తీయాలంటే మామూలుగా ఒకటిన్నర మెగా ఓమ్ కావాలి. చిప్ మీద అది అయ్యే పని కాదు. విడ్లర్ అవతలి ట్రాన్సిస్టర్ ఎమిటర్ కింద ఒక చిన్న రెసిస్టర్ పెట్టాడు. ఇటువైపు 1 మిల్లీ ఆంపియర్ పంపితే, అటు 10 మైక్రో ఆంపియర్లు రావడానికి 12 కిలో ఓమ్‌లు సరిపోతాయి. 1965లో వేసిన ఆ పేటెంట్ 1967లో చేతికొచ్చింది. అప్పటికే ఆయన నేషనల్ సెమీకండక్టర్‌లో ఉన్నాడు. ఖర్చు తగ్గించాలని కంపెనీ పచ్చిక కోయడం మానేస్తే, 1970లో గొర్రెను తెచ్చి ఆవరణలో మేపిన మనిషి కూడా ఈయనే. ఆ ఏడాదే ఉద్యోగం వదిలి మెక్సికో వెళ్లిపోయాడు. గొర్రె కథ తెలిసినవాళ్లలో ఆ 12 కిలో ఓమ్‌ల సంగతి ఎందరికి తెలుసో!

ఇంకో ముచ్చట టెక్ట్రానిక్స్‌లో జరిగింది. 1967లో అక్కడి జార్జ్ విల్సన్, బ్యారీ గిల్బర్ట్ పందెం వేసుకున్నారని చెబుతారు. తెల్లారేసరికి మూడే ట్రాన్సిస్టర్లతో మెరుగైన కరెంట్ మిర్రర్ గీయాలి. గెలిచింది విల్సన్. బేస్ కరెంట్ వల్ల వచ్చే తప్పును ఆ సర్క్యూట్ దాదాపు చెరిపేస్తుందని పాఠ్యపుస్తకాలు మెచ్చుకుంటాయి. దాని అసలు అందం వేడి విషయంలో ఉందని నాకనిపిస్తుంది. జత కుదరాల్సిన రెండు ట్రాన్సిస్టర్ల మీద ఒకటి రెండు డయోడ్ల పాటి వోల్టేజీయే పడుతుంది. అవతలి వోల్టేజీ ఎంత పెరిగినా ఆ బరువు, ఆ వేడి మూడోదాని నెత్తిన పడతాయి. ఆ మూడోది వేడెక్కినా లెక్క పెద్దగా చెడదు. అయితే విల్సన్ సర్క్యూట్‌కు జత అక్కర్లేదా అంటే, కావాలి. కింది రెండూ ఒకదాన్నొకటి పోలకపోతే పైదాని తెలివి వృథా.

ఒకే చిప్ అయినంత మాత్రాన అంతా ఒకే వేడిలో ఉంటుందా అని అడగొచ్చు. ఉండదు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఒక చివర వేడెక్కితే ఆ వేడి చిప్ పొడుగునా పాకుతుంది, వాటికి దగ్గరగా ఉన్న ట్రాన్సిస్టర్ దూరంగా ఉన్నదానికంటే కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. 1969 నాటి యాంప్లిఫయర్ చిప్ యూఏ725లో జార్జ్ ఎర్డీ దీనికి విరుగుడు వేశాడు. ఇన్‌పుట్ జంటను నాలుగు ట్రాన్సిస్టర్లుగా చీల్చి, ఎదురెదురు మూలలవాటిని జత కలిపాడు. వేడి ఎటునుంచి వచ్చినా రెండు జట్లకూ సమానంగా తగులుతుంది. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఇది లేఅవుట్ గీసేవాళ్లకు అలవాటైపోయింది. 1989లో ఫిలిప్స్‌కు చెందిన మార్సెల్ పెల్గ్రోమ్, ఆయన సహచరులు మాస్ ట్రాన్సిస్టర్లకు సూత్రం చెప్పారు. విస్తీర్ణం నాలుగు రెట్లు చేస్తే యాదృచ్ఛికంగా వచ్చే తేడా సగమవుతుంది.

విడి ట్రాన్సిస్టర్లతో ఆడియో యాంప్లిఫయర్లలో కరెంట్ మిర్రర్లు కట్టడం లేదా, మరి ఒకే చిప్ అన్న పట్టు ఎందుకు అనేవాళ్లున్నారు. కడుతున్నారు, బాగానే నడుస్తున్నాయి. కానీ ఎలా? ఒక్కో ఎమిటర్ కింద 100 ఓమ్‌లు పెడతారు. 1 మిల్లీ ఆంపియర్‌కు అక్కడ 100 మిల్లీవోల్టులు పడతాయి. రెండిటి మధ్య 5 మిల్లీవోల్టుల తేడా ఉంటే, రెసిస్టర్లు లేనప్పుడు కరెంట్‌లో 20 శాతం దాకా వచ్చే తప్పు, వీటితో 4 శాతానికి దిగుతుంది. అంటే జత కుదర్చలేక, జత అవసరాన్నే తగ్గించుకున్నాం. వోల్టేజీ మిగులు ఉన్నచోట ఇది మంచి బేరమే. తక్కువ వోల్టేజీతో నడిచే సర్క్యూట్లలో ఆ 100 మిల్లీవోల్టులు కూడా బరువే.

చిప్ గీసేవాళ్లకు జతకు కొదవ లేదు. పోయిందల్లా బల్ల మీద సొంతంగా సర్క్యూట్ కట్టుకునేవాడికి దొరికే జతే. ఆర్‌సీఏ వారి సీఏ3046 ఒకే సిలికాన్ మీద ఐదు ట్రాన్సిస్టర్లు ఇచ్చేది. సింథసైజర్లు కట్టేవాళ్లు అందులో ఒకదాన్ని పొయ్యిగా, ఒకదాన్ని థర్మామీటర్‌గా, రెండిటిని జంటగా వాడి యూఏ726 పనిని చవకగా చేయించుకునేవారు. నేషనల్ వారి ఎల్ఎం394 చిన్న ట్రాన్సిస్టర్లు ఎన్నో కలిపి చేసిన మేలిజత. దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ‘మ్యాచ్డ్ పెయిర్’ అని అమ్ముతున్న ఆరు కాళ్ల బుల్లి ప్యాకేజీల్లో కొన్నిటిలో ఉండేవి ఒకే వేఫర్‌లో పక్కపక్కన కోసిన రెండు వేర్వేరు ముక్కలు. పుట్టుక ఒకటే కాబట్టి చల్లగా ఉన్నప్పుడు పోలిక బాగుంటుంది. వేడెక్కాక ఎవరి దారి వారిదే. డేటాషీట్‌లో ఆ మాట చిన్న అక్షరాల్లో అడుగున ఉంటుంది. అది కనబడితే ఎమిటర్ల కింద రెండు రెసిస్టర్లకు బోర్డు మీద చోటు వదిలిపెట్టాలి.