అనేక కళ్లు, ఒకే నివేదిక: భారతదేశంలో బ్యాంకుల బృంద తనిఖీ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: బ్యాంకు తనిఖీ ఒక్క అధికారి చేసే పని కాదు. వేర్వేరు శాఖల్లో, వేర్వేరు ఖాతాలు చూసిన అనేకుల పరిశీలనలను ఒక నిర్ధారణగా కూర్చవలసిన పని. 1938 నాటి ట్రావన్కూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు పతనం, 1949 నాటి బ్యాంకింగ్ చట్టం, 1960 నాటి పాలై సెంట్రల్ బ్యాంకు మూసివేత ఆధారంగా ఈ సమన్వయం ఎలా రూపుదిద్దుకుందో, దాని పరిమితి ఎక్కడ బయటపడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తనిఖీ, రిజర్వు బ్యాంకు, డిపాజిటుదారులు, మొండి బాకీలు, పాలై సెంట్రల్ బ్యాంకు.

1. ప్రవేశిక

ఉర్దూ నుంచి తెలుగులో స్థిరపడిన 'తనిఖీ' అనే మాట వినగానే చిట్టా ఆవర్జాలు తిరగవేసి తప్పుల పక్కన షరా రాసే అధికారి రూపం మనసులో మెదులుతుంది. రెవెన్యూ కచేరీకీ పాఠశాలకూ ఆ రూపం సరిపోవచ్చు. అనేక శాఖలున్న బ్యాంకుకు సరిపోదు. బ్యాంకు సొమ్ములో అధికభాగం డిపాజిటుదారులది. వారు లెక్కలు చూడలేరు. చూసినా పుస్తకంలో రాసిన బాకీ వసూలయ్యేదో కాదో తేల్చుకోలేరు. వారి పక్షాన చూసే కళ్లు ఎలా ఏర్పడ్డాయన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న.

2. తనిఖీ అధికారానికి పూర్వరంగం

రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న పని ప్రారంభించింది. తొలినాళ్లలో షెడ్యూల్డు బ్యాంకులు పంపే వారపు పట్టికలే దానికి ప్రధానాధారం. ఆ పట్టికల్లో డిపాజిట్ల, అప్పుల మొత్తాలు కనిపిస్తాయి. ఆ అప్పుల మంచిచెడ్డలు కనిపించవు. 1938 జూన్‌లో ట్రావన్కూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు తలుపులు మూసుకోవడంతో దక్షిణ భారతమంతటా కలవరం రేగింది. ఆ అనుభవం తరువాత, 1939లో, సమగ్రమైన బ్యాంకింగ్ చట్టం కోసం రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి ప్రతిపాదనలు పంపింది.

అవి చట్టరూపం పొందడానికి పదేళ్లు పట్టింది. ఈలోగా 1946లో వచ్చిన ఆర్డినెన్సు, కేంద్రప్రభుత్వం ఆదేశించినప్పుడు బ్యాంకులను తనిఖీ చేసే అధికారాన్ని రిజర్వు బ్యాంకుకు ఇచ్చింది. 1949 మార్చి 16న అమలులోకి వచ్చిన బ్యాంకింగ్ కంపెనీల చట్టంలోని 35వ సెక్షను, రిజర్వు బ్యాంకు తనంత తానుగా తనిఖీ చేయవచ్చునని చెప్పింది. అడిగిన పుస్తకాలు, పత్రాలు చూపడం డైరెక్టర్ల, ఉద్యోగుల విధి అయింది; వారిని ప్రమాణపూర్వకంగా ప్రశ్నించే అధికారం తనిఖీ అధికారికి లభించింది. 1950 మార్చి నుంచి చిన్నాపెద్దా తేడా లేకుండా బ్యాంకులన్నిటినీ క్రమబద్ధంగా తనిఖీ చేయడం మొదలైంది. 1951 నాటికి దేశంలో 566 వాణిజ్య బ్యాంకులు ఉండేవి. మచిలీపట్నంలో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు కూడా ఈ కొత్త వ్యవస్థ పరిధిలోకే వచ్చింది.

3. సమన్వయం ఎందుకు అవసరం?

చట్టంలోని 11వ సెక్షను మూలధనం, రిజర్వుల 'విలువ' అన్నప్పుడు పుస్తకంలో రాసిన విలువను కాక, నిజంగా చేతికి రాగల విలువను ఉద్దేశించింది. తనిఖీ బృందం పని అంతా ఈ ఒక్క నిర్వచనం చుట్టూ తిరుగుతుంది.

ఒక ఊహాజనితమైన ఉదాహరణ చూద్దాం. ఒక బ్యాంకు మూలధనం, రిజర్వులు కలిపి 15 లక్షల రూపాయలు. మూడు శాఖల్లో ముగ్గురు అధికారులు ఒక్కొక్కచోట 6 లక్షల చొప్పున రాని బాకీలు గుర్తించారు. విడివిడిగా చూస్తే ప్రతి అధికారికీ కనిపించేది ఒక బలహీనమైన శాఖ మాత్రమే. మూడింటినీ కలిపితే నష్టం 18 లక్షలు. అంటే మూలధనం పూర్తిగా హరించుకుపోయి, డిపాజిట్ల సొమ్ముకే 3 లక్షల గండి పడింది. ఈ నిజం ఏ ఒక్కరి కాగితంలోనూ లేదు; కూడికలో ఉంది.

ఆ కూడిక సరిగా రావాలంటే మూడు విషయాలు కుదరాలి. మొదటిది, లెక్కలన్నీ ఒకే తేదీకి చూడాలి. లేకుంటే ఒక శాఖలో లెక్కించిన నగదే మరుసటి రోజు మరో శాఖ నిల్వలో కనిపించవచ్చు. రెండవది, కొలబద్ద ఒక్కటే కావాలి. వడ్డీ కట్టని ఖాతాను ఒక అధికారి మొండి బాకీ అని, మరొకరు ఆలస్యమైన బాకీ అని రాస్తే మొత్తానికి అర్థం ఉండదు. మూడవది, పేర్లను జతచేయాలి. ఒకే కుటుంబం ఒక శాఖలో వ్యాపారసంస్థ పేరిట, మరో శాఖలో బంధువు పేరిట అప్పు తీసుకుని ఉండవచ్చు; ఆ బంధువు డైరెక్టరే కావచ్చు. బృందానికి నాయకత్వం వహించే ప్రిన్సిపల్ ఇన్‌స్పెక్టింగ్ ఆఫీసరు అసలు పని ఇక్కడ ఉంది. ప్రధాన కార్యాలయం నుంచి, ఎంపికచేసిన శాఖల నుంచి వచ్చిన పరిశీలనలను ఎదురెదురుగా పెట్టి చదవడం, పొసగని చోట మళ్లీ చూపించడం ఆయన బాధ్యత.

4. పాలై సెంట్రల్ బ్యాంకు: చూసినా ఆగిన చేయి

కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు 1927లో ఏర్పడింది. దాని స్థితి బాగాలేదని 1950ల తొలినాళ్ల తనిఖీల నుంచే రిజర్వు బ్యాంకుకు తెలుసు. అయినా దానిని మూసివేయమని కేరళ హైకోర్టును ఆశ్రయించినది 1960 ఆగస్టులో. ఈ జాప్యానికి కారణం అలసత్వమొక్కటే అనుకోవడం తొందరపాటు. ఒక బ్యాంకును మూయిస్తే ఆ భయం ఇరుగుపొరుగు బ్యాంకులకు పాకుతుంది. మెల్లగా బాకీలు వసూలైతే బ్యాంకు కోలుకోనూవచ్చు. కానీ ఆ ఎదురుచూపు కాలంలో కొత్త డిపాజిటుదారులు ఏమీ తెలియకనే సొమ్ము దాచుకుంటూ వచ్చారు. తనిఖీ నివేదిక ప్రతి బ్యాంకుకు అందుతుంది, డిపాజిటుదారుకు అందదు. 1938లో చూసే కన్ను లేదు. 1960 నాటికి కన్ను ఉంది, చేయి కదలలేదు.

పరిణామాలు వెంటనే వచ్చాయి. బలహీన బ్యాంకులపై మారటోరియం విధించి, వాటిని ఇతర బ్యాంకుల్లో కలిపే అధికారం 1960లోనే చట్టంలో చేరింది. 1962 జనవరి 1 నుంచి ఒక్కొక్క డిపాజిటుదారుకు 1,500 రూపాయల వరకు బీమా కల్పించారు. విలీనాలు ఊపందుకుని బ్యాంకుల సంఖ్య 1969 నాటికి 89కి తగ్గింది. మచిలీపట్నానికే చెందిన భారతలక్ష్మి బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది.

పాలై బ్యాంకు వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. రిజర్వు బ్యాంకు కోరినప్పుడు హైకోర్టు మూసివేతకు ఆదేశించి తీరాలన్న నిబంధన చెల్లుతుందని 1962లో మెజారిటీ తీర్పు వచ్చింది. ఈ తీర్పు ప్రాముఖ్యం తనిఖీ బృందం వైపు నుంచి చూస్తే తేటపడుతుంది. రిజర్వు బ్యాంకు అభిప్రాయానికి ప్రధానాధారం తనిఖీ నివేదిక. ఆ అభిప్రాయాన్ని న్యాయస్థానం తిరగదోడదన్నప్పుడు, శాఖలో కూర్చుని ఒక బాకీని 'రానిది' అని వర్గీకరించే అధికారి కలానికి దాదాపు తీర్పుతో సమానమైన బరువు వచ్చింది. బృందంలో లోపలి సరిచూపు ఎంత కట్టుదిట్టంగా ఉండాలో దీనినిబట్టి గ్రహించవచ్చు.

5. ముగింపు

తరువాతి కాలంలో పద్ధతులు మారాయి. 1994లో ఆర్థిక పర్యవేక్షణ మండలి ఏర్పడింది. 1995 నాటి పద్మనాభన్ కమిటీ తరువాత మూలధనం, ఆస్తుల నాణ్యత, యాజమాన్యం వంటి అంశాలవారీగా బ్యాంకులకు శ్రేణులు ఇవ్వడం వచ్చింది. మూలసమస్య మాత్రం మారలేదు. సికింద్రాబాదు కేంద్రంగా పనిచేసిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు విషయంలో ఆడిట్ అయిన లెక్కలకూ రిజర్వు బ్యాంకు తనిఖీ నిర్ధారణకూ తీవ్రమైన తేడా వచ్చింది. 2004 జూలై 24న మారటోరియం విధించి, ఆగస్టు 14న దానిని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపారు. డిపాజిట్లు నిలిచాయి; వాటాదారులకు ఏమీ దక్కలేదు. తనిఖీ నివేదికలను సమాచార హక్కు చట్టం కింద వెల్లడించాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పడం, పాలై నాటి ప్రశ్నకు ఆలస్యంగా వచ్చిన సమాధానంగా భావించవచ్చు.

తనిఖీ విలువను దొరికిన తప్పుల సంఖ్యతో కొలవడం పరిపాటి. ఈ చరిత్ర మరో కొలతను సూచిస్తుంది: విడివిడి పరిశీలనలు ఒక నిర్ధారణగా కుదిరాయా, ఆ నిర్ధారణ సకాలంలో నిర్ణయంగా మారిందా? మొదటిది బృంద నాయకుడి బాధ్యత. రెండవది ఆ నివేదిక అందుకున్నవారిది. ఈ రెండింటిలో ఏది తప్పినా భారం మోసేది నివేదికను ఎన్నడూ చూడని డిపాజిటుదారే.