నెలలు నిండని బిడ్డ కన్ను

గర్భమున నెలలు నిండకముందే పుట్టిన శిశువు బ్రతికి బట్టకట్టుటయే పూర్వము గొప్ప విశేషము. ఏడవ నెల బిడ్డ బ్రతుకును గాని యెనిమిదవ నెల బిడ్డ బ్రతుకదను మాట మన పల్లెలలో పెద్దలు చెప్పగా వినుచుందుము. అది నిజము కాదు. బిడ్డ తల్లి గర్భమున ఎన్ని దినములు ఎక్కువగా నుండిన అంత మేలు. అయినను ఆ మాట వెనుకనున్న భయము మాత్రము నిజమైనదే. ఇరువదవ శతాబ్దమున వైద్యులు ఆ భయమును చాలవరకు జయించిరి. ఆ జయముతోడనే యొక క్రొత్త అంధత్వము లోకమునకు వచ్చెను. అది యెట్లు వచ్చినదో, దాని కారణమును ఎవరెట్లు కనుగొనిరో, ఆ పిమ్మట మరల ఏ కీడు కలిగెనో ఈ ప్రసంగమున మనవి చేయదలచినాను. ఈ కథ చాలవరకు పరదేశములలో జరిగినది. కాని దాని చివరి అధ్యాయము మన దేశమున నడచుచున్నది గనుక గ్రామపెద్దలు దీనిని తెలిసికొనుట అవసరమని తలంచుచున్నాను.

మొదట కంటిని గూర్చి రెండు మాటలు. కంటి వెనుకటి గోడకు అంటియుండు పలుచని పొరకు రెటీనా అని పేరు. ఫోటో తీయు పెట్టెలో ఫిల్ము చేయు పనిని కంటిలో ఈ పొర చేయును. దీనికి రక్తము నందించు సన్నని నాళములు గర్భమునకు 16వ వారము వచ్చినప్పుడు నడుమ మొలచి, అంచులవైపు ప్రాకుచు, సుమారు 40వ వారమునకు కొసల జేరును. క్రొత్తగా త్రవ్విన కాలువనీరు ముందరి మడినుండి కడపటి మడికి మెల్లగా పారునట్లే యిదియును. శిశువు 28వ వారముననే పుట్టినచో కడపటి మళ్లకు ఇంకను నీరు చేరలేదన్న మాట. మిగిలిన పని గర్భము వెలుపల జరుగవలెను. ఆపద అచ్చటనే యున్నది.

అమెరికా దేశమున బోస్టను నగరమందలి నేత్రవైద్యుడు థియోడర్ టెరీ 1942లో ఒక వింతవ్యాధిని వైద్యలోకమునకు తెలిపెను. నెలలు నిండక పుట్టిన కొందరు శిశువుల కంటిపాప వెనుక తెల్లని పొర యొకటి కనబడుచుండెను. ఆ బిడ్డలకు చూపు లేదు. పుట్టుకతో వచ్చిన లోపమేమోయని తొలుత కొందరు తలంచిరి. కాని పుట్టినప్పుడు వారి కన్నులు బాగుగనే యుండెననియు, కొన్ని వారముల పిమ్మటనే వ్యాధి పుట్టెననియు క్రమముగా తేలెను. 1953 నాటికి లోకమున సుమారు 10,000 మంది శిశువులు ఈ విధముగా అంధులైరని అంచనా. 1950లో పుట్టి, సంగీతమున ప్రపంచఖ్యాతి గాంచిన స్టీవీ వండర్ వారిలో నొకరు.

విచారింపగా మరియొక వింత కనబడెను. ఈ వ్యాధి బీద ఆసుపత్రులలో తక్కువ. ధనమును, క్రొత్త యంత్రములును గల గొప్ప ఆసుపత్రులలో ఎక్కువ. కారణమునకై వైద్యులు వెదకని చోటు లేదు. ఆవుపాలన్నారు, ఇనుము కలిసిన మందులన్నారు, విటమినుల కొరత యన్నారు, వెలుతురన్నారు. ఒక్కటియు నిలువలేదు.

న్యూయార్కు నగరమున విలియం సిల్వర్మన్ అను శిశువైద్యుడు ఏ.సి.టి.హెచ్. అను మందును ప్రయోగించెను. 31 మంది శిశువులకు దాని నీయగా 25 మంది కన్నులు చక్కగా నయమయ్యెను. ఎవరికైనను ఇంతకంటె నిదర్శనము కావలెనా? కాని ఆ వైద్యుడు అచ్చట ఆగలేదు. చీట్లు వేసినట్లు శిశువులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకే మందిచ్చి పోల్చిచూచెను. మందు పొందినవారిలోనే అంధులును, మృతులును ఎక్కువైరి. తొలిదశలో నున్న వ్యాధి చాలమందికి తనంతట తానే శాంతించునని అప్పుడు బయటపడెను. తానే మెచ్చుకొనిన మందును తానే పరీక్షించి, పనికిరాదని చెప్పిన యీ వైద్యుని నేను మిక్కిలి గౌరవింతును.

అసలు కారణమును సూచించిన వారిలో ముఖ్యురాలు ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరపు వైద్యురాలు కేట్ క్యాంబెల్. ఆ నగరమందలి ఆసుపత్రులను ఆమె పోల్చిచూచెను. ప్రాణవాయువును, అనగా ఆక్సిజనును, ధారాళముగా నిచ్చిన చోట నూటికి 19 మంది శిశువులకును, పొదుపుగా నిచ్చిన చోట నూటికి 7గురికిని ఈ వ్యాధి కలిగెను. 1951లో ఆమె ఈ సంగతిని ప్రకటించెను. ఊపిరి సరిగా తీయలేని పసికందునకు వైద్యులు ప్రేమతో, ఉదారముగా నిచ్చిన ప్రాణవాయువే కన్నులను కబళించుచున్నదన్న మాట! వినుటకే కటువైన యీ మాటను నమ్మువారు ఆనాడు కొద్దిమందియే.

అదే 1951లో వాషింగ్టను నగరమున ఆర్నల్ పాట్జ్ అను యువవైద్యుడు దీనిని పరీక్షింప బూనెను. ప్రాణవాయువు తగ్గించిన శిశువులు మరణింతురని ప్రభుత్వసంస్థవారు ధనసహాయమును నిరాకరించిరి. అతడు తన సోదరునివద్ద ఋణము తెచ్చి పని సాగించెను. బిడ్డలకు ఊపిరాడదేమోయని జాలిపడి, రాత్రివేళ కొందరు నర్సులు రహస్యముగా ప్రాణవాయువును హెచ్చించుచుండిరట. వారిది దురుద్దేశము కాదు. కన్నులార కనబడు ఆయాసమును తీర్పవలెనని వారి తహతహ. అయినను పాట్జ్ పరీక్షలో ప్రాణవాయువు ఎక్కువ పొందిన శిశువులకే వ్యాధి యెక్కువ యని తేలెను.

1953లో అమెరికాయందలి 18 ఆసుపత్రులు కలిసి పెద్ద పరీక్ష నారంభించెను. మరుసటి సంవత్సరమున ఫలితము వెలువడెను. ప్రాణవాయువును మితము చేసినచో అంధత్వము మూడింట రెండు వంతులు తగ్గునని స్పష్టమయ్యెను. ఇంచుమించుగా అప్పుడే లండను నగరమున నార్మన్ ఆష్టన్ పిల్లికూనలపై పరిశోధించి, వ్యాధి జరుగు తీరును చూపెను. ప్రాణవాయువు మితిమీరినప్పుడు లేతనాళములు ముడుచుకొని మూసికొనిపోవును. పిమ్మట రక్తమందని రెటీనా ఆకలిగొనును. ఆ ఆకలిని తీర్పబోయి వికారమైన క్రొత్త నాళములు అడ్డదిడ్డముగా మొలచును. అవి చిట్లి రక్తము కారును. మానిన పుండు చర్మమును లాగునట్లు రెటీనాను గోడనుండి లాగివేయును.

కథ ఇచ్చటితో ముగిసినచో సుఖాంతమే. కాని మానవుడు ఒక ప్రక్కకు తూలి, దానిని దిద్దుకొనబోయి రెండవ ప్రక్కకు తూలుట సామాన్యము. 1954 తరువాత వైద్యులు ప్రాణవాయువన్న భయపడిరి. నూటికి 40 పాళ్లకు మించనీయరాదని చాలచోట్ల కట్టడి చేసిరి. అంధత్వము తగ్గెను. కాని ఆ పెద్ద పరీక్షలో పుట్టిన 48 గంటల లోపల చనిపోయిన శిశువులు లెక్కలోనికి రాలేదు. ఊపిరితిత్తులు పండని పసికందులకు అత్యవసరమైన గంటలవియే. కెన్నెత్ క్రాస్ అను ఆంగ్ల వైద్యుడు 1973లో లెక్కకట్టి, ఒక్క శిశువు చూపు నిలుపుటకు సుమారు 16 ప్రాణములు వ్యయమైనవేమో యని వ్రాసెను. అంధులైన బిడ్డలు లోకమునకు కనబడిరి. చనిపోయినవారు కనబడలేదు.

పిమ్మటి కాలమున రక్తమందలి ప్రాణవాయువును కొలుచు సాధనములు వచ్చెను. అయినను చిక్కు పూర్తిగా విడలేదు. 2010లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరీక్షయందు 1316 మంది అతిచిన్న శిశువులను రెండు భాగములు చేసిరి. ప్రాణవాయువు పాలు తగ్గించి యుంచిన భాగమున తీవ్రమైన నేత్రవ్యాధి సగమునకు తగ్గెను. కాని మరణములు నూటికి 16 నుండి 20 వరకు హెచ్చెను. కావున ప్రాణవాయువు శత్రువు కాదు, వట్టి మిత్రమును కాదు. అది కొలతతో వాడవలసిన వస్తువు.

ప్రాణవాయు వొక్కటియే కారణమనుకొనుటయు తగదు. అన్నిటికంటె పెద్ద కారణము నెలలు తక్కువగుట, బరువు తక్కువగుట. ప్రాణవాయువు ఒకప్పుడు హెచ్చుచు ఒకప్పుడు తగ్గుచుండుట, రక్తమున విషక్రిములు చేరుట, మాటిమాటికి ఊపిరి యాగుట, రక్తము నెక్కించుట, పుట్టిన పిమ్మటి వారములలో బరువు సరిగా పెరుగకుండుట, ఇవన్నియు ప్రమాదమును పెంచును. తల్లిపాలు, శుభ్రత, వెచ్చదనము వీనివలన బిడ్డకు కలుగు మేలు కంటికిని మేలే.

ఇక మన దేశపు మాట. పాశ్చాత్యదేశములలో ఈ వ్యాధి నేడు ముఖ్యముగా మిక్కిలి చిన్న శిశువులకే వచ్చును. మన దేశమున అంతకంటె పెద్ద బిడ్డలకును తీవ్రముగా వచ్చుచున్నది. చిన్న పట్టణములలో సైతము నెలలు నిండని శిశువులను బ్రతికించు ఆసుపత్రులు వెలసినవి. ప్రాణవాయువును కొలిచి యిచ్చు ఏర్పాటులు మాత్రము అన్నిచోట్ల సమముగా లేవు. 1987లో హైదరాబాదున నెలకొనిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో డాక్టరు సుభద్రా జలాలీ మొదలగువారు ఈ భేదమును గుర్తించి, పాశ్చాత్యుల కొలతలు మనకు చాలవని చెప్పిరి. 34 వారములు నిండక పుట్టిన శిశువునకు గాని, పుట్టునప్పుడు 2 కిలోలకు తక్కువ తూగిన శిశువునకు గాని, 30 దినముల లోపల కంటి వైద్యునిచే రెటీనా పరీక్ష చేయింపవలెనని మన దేశపు నియమము. 28 వారములకు ముందు పుట్టినవారికిని, 1200 గ్రాములకు తక్కువ యైనవారికిని రెండు మూడు వారములలోనే చేయింపవలెను.

ఈ గడువు ఎందులకు? వ్యాధి ముదురుటకు పట్టు కాలము కొద్ది వారములే. శీతలచికిత్సతో చాలమంది కన్నులు నిలుపవచ్చునని 1988లో అమెరికాయందు రుజువయ్యెను. నేడు లేజరు కిరణములతోను, కంటిలోనికి మందు నెక్కించియు చికిత్స చేయుచున్నారు. రెటీనా ఊడిపోయిన పిమ్మట శస్త్రచికిత్స చేసినను చూపు తిరిగి వచ్చుట దుర్లభము.

ఈ వ్యాధి మొదట బయటికి ఏమియు కనబడదు. కన్ను ఎఱ్ఱబడదు, నీరు కారదు, బిడ్డ బాధతో ఏడువదు. తెల్లని పొర తల్లికి కనబడునప్పటికి గడువు దాటిపోవును. మన యిండ్లలో పసిబిడ్డను నెల దాటనిదే గడప దాటింపరాదను ఆచారము కలదు. సామాన్యమైన బిడ్డకు అది మేలే కావచ్చును. నెలలు నిండని బిడ్డ విషయమున మాత్రము ఆ నెలయే చూపు నిలుపవలసిన నెల. మీ యూర అట్టి బిడ్డ ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చినప్పుడు, కంటి పరీక్ష జరిగినదా, మరల ఎప్పుడు రమ్మన్నారు అని ఆ యింటివారిని పెద్దలు అడుగవలెనని నా మనవి. ఆచారము మాట పెద్దల నోట వచ్చినప్పుడే దానికి సడలింపు కలుగును.